గిడ్డమ్మ కాన్పుల గది మిద్దె

ఆలూరులో గిడ్డమ్మ నోటికి భయపడని ప్రాణి అప్పుడే పుట్టిన బిడ్డ ఒక్కటే. మిగిలిన వాళ్ళకు వీధి మలుపులో ఆమె గొంతు వినబడితే చాలు, చేయని తప్పు కూడా గుర్తుకు వచ్చేది. మనిషి చూడబోతే పొట్టి. ఉట్టి మీది చట్టి దించాలన్నా పీట వేసుకోవాలి. ఆ పొట్టి మనిషే ఎవరింట్లోనన్నా నొప్పులు మొదలయ్యాయని కబురు వస్తే, పిలవడానికి వచ్చిన మగవాడిని వెనక వదిలేసి ముందు పోయేది.

మొగుడు పోయిన ఏడాది నుంచి అత్త వెంట కాన్పులకు తిరిగి మంత్రసాని పని నేర్చుకుంది. అత్త నోరు విప్పి ఏదీ చెప్పేది కాదు. "చూడు" అనేది, అంతే. చూసి చూసి గిడ్డమ్మ కాన్పు చేయడం నేర్చుకుంది. దానితోపాటే ఇంకొకటి కూడా తెలుసుకుంది. కాన్పు జరిగే ఇంట్లో, కనే మనిషి తప్ప తక్కిన వాళ్ళంతా చేయకూడని పనే చేస్తారు. వేన్నీళ్ళు తెమ్మంటే చన్నీళ్ళు తెస్తారు. గాలి రానీయండంటే కిటికీలో గోనెపట్ట కుక్కుతారు. మొగుడనేవాడు గడప దగ్గర కూర్చుని బీడీ వెంట బీడీ కాల్చి పొగంతా లోపలికి పంపిస్తాడు. వీళ్ళందరి మీదా అరిచి అరిచి విసుగు ఆమెకు ఒంటి రంగులాగా నిలిచిపోయింది. మంచిమాట చెప్పినా కసురుకున్నట్టే ఉండేది.

అన్నిటికన్నా ఆమెను విసిగించినవి మట్టి మిద్దెలు. ఆ వైపు ఇళ్ళన్నీ అవే. రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద కట్టెలు, కట్టెల మీద మన్ను, అన్నిటి పైన చౌడు. ఊరి బయట ఉప్పు తేలిన నేల నుంచి తవ్వి తెచ్చే ఆ చౌడుమన్ను వానకు ముద్దగా అతుక్కుని నీళ్ళను లోపలికి దిగనీయదు. ఏటా తొలకరికి ముందు గంపలతో చౌడు మోసి మిద్దె మీద కొత్తగా పరచడం ప్రతి ఇంట్లోనూ ఉన్న పనే. ఎండాకాలం ఆ మిద్దెల కింద చల్లగానే ఉంటుంది. కానీ పైన పిల్లి నడిచినా కింద మన్ను రాలుతుంది. ఒక చేత్తో బిడ్డ తల పట్టుకుని, ఇంకో చేత్తో తల్లి కళ్ళ మీద కొంగు కప్పి గిడ్డమ్మ చేసిన కాన్పులకు లెక్కలేదు. మన్ను ఒక్కటే అయితే సరిపెట్టుకునేదే. కట్టెల సందుల్లో తేళ్ళు కాపురం ఉండేవి.

1952 వానకాలంలో సుంకులమ్మ కోడలు పెద్దక్కకు తొలిచూలు. గిడ్డమ్మే కాన్పు చేసింది. మగబిడ్డ, బలమైన ఏడుపు. పురుడు పోయకముందే ఒక మధ్యాహ్నం మిద్దెలో నుంచి తేలు జారి పొత్తిగుడ్డల మీద పడింది. మరునాటికి బిడ్డ లేడు. పెద్దక్క గట్టిగా ఏడవను కూడా లేదు. వెల్లకిలా పడుకుని మిద్దె కట్టెల వంక చూస్తూ ఉండిపోయింది.

ఆ ఇంటి నుంచి వస్తూ గిడ్డమ్మ తన తమ్ముడు మారెన్నతో అంది: "ఈ మన్ను నెత్తిన పెట్టుకొని ఇంగ నేను కాన్పులు చెయ్యనురా."

"మన్ను మిద్దె కాకుంటే ఇంగేం మిద్దె ఉంటాదక్కా? చెట్టు కింద చేస్తావా?"

"నోరు మూసుకొని నడువు."

ఊళ్ళో మేస్త్రీ పీర్ బాషా అప్పుడు హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాము పనిలో ఉన్నాడు. మరుసటి వేసవికి ఇంటికి వచ్చాడు. అతని భార్య గుల్జార్ బీ నలుగురు బిడ్డలనూ కన్నది గిడ్డమ్మ చేతుల్లోకే. అందుచేత ఆమె పిలిచిందనగానే, తింటున్న సంగటి పక్కన పెట్టి వచ్చాడు.

"బాషా, మన్ను రాలని మిద్దె ఒకటి నాకు వెయ్యి. నా ఇంటి పక్క గది ఉండాది చూడు, దాని మీద. కాన్పులకు ఆడోళ్ళంతా నా దగ్గరికే వస్తారు."

"వేస్తానక్కా. నీకు కాకుంటే ఎవరికి వేస్తా? కానీ నీ గోడలు చూడు. మట్టితో పేర్చిన రాళ్ళు. కంకర, సిమెంటు కలిపి మిద్దె పోస్తే ఆ బరువుకు గోడలు ఉబ్బి కూర్చుంటాయి."

"వేస్తానంటావా, వెయ్యనంటావా? రెండూ ఒకే నోటితో చెప్తాండావే!"

"తేలిగ్గా వేస్తా అంటాండా. మాట పూర్తి చెయ్యనీవు కదా నువ్వు."

తేలిక అంటే ఏమిటో మాటలతో చెప్పకుండా బండి కట్టుకుని గుంతకల్లు పోయాడు. అక్కడ రైలింజన్లు బొగ్గు కాల్చి పారబోసిన చిట్టెం గుట్టలు గుట్టలుగా పడి ఉండేది. దాన్ని నింపుకొచ్చి గిడ్డమ్మ వాకిట్లో దించాడు. నల్లగా, ఒళ్ళంతా తూట్లతో ఉన్న గడ్డ ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. చూస్తే రాయి, పట్టుకుంటే బొరుగుల మూట.

"ఇదా? ఈ బూడిదా నా నెత్తిన నిలిచేది?"

"కంకర బదులు ఇది వేస్తానక్కా. నడుమ ఇనుప కడ్డీలు. డ్యాము కాడ ఆఫీసు షెడ్లకు వేసినారు, నా చేతుల్తో కలిపినా. సగం బరువు కూడా రాదు."

వేసవి ఎండలో మిద్దె పోశారు. కింద పలకలు పరచి, పలకల కింద గది నిండా ఊత కట్టెలు నిలబెట్టారు. మిగిలిన ముద్ద పారేయడమెందుకని బాషా ఒక పొడుగాటి పలక కూడా పోశాడు. అది ఆరాక వాకిట్లో రెండు రాళ్ళ మీద పెట్టి నీళ్ళ కడవలకు అరుగు చేశాడు. కర్నూలు రాజధాని అవుతోంది, అక్కడ పని దండిగా ఉంటుందని తెలిసి, బయలుదేరే ముందు గిడ్డమ్మకు రెండు మాటలు చెప్పాడు. "నెల దాంక ఊతలు తియ్యొద్దు. దీనికి చౌడు పన్లేదు."

"సరే పో" అంది గిడ్డమ్మ.

ఆయన బస్సెక్కిన వారానికే నొప్పులు పడుతున్న మనిషిని బండిలో వేసుకుని పక్క ఊరి వాళ్ళు వచ్చారు. గదిలో చూస్తే కాలు పెట్టే సందు లేదు, అంతా ఊత కట్టెలే. మనిషిని ఎక్కడ పడుకోబెట్టాలి? గిడ్డమ్మ ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "పీకరా" అంది. మారెన్న పీకాడు. మిద్దె కదలలేదు. ఆ బిడ్డ ఆడపిల్ల. ఆ గదిలో తొలి కాన్పు అదే. తల్లి ముఖం మీద ఒక్క నలుసు రాలలేదు. గిడ్డమ్మ జీవితంలో మొదటిసారి రెండు చేతులతో కాన్పు చేసింది.

ఆ సంతోషంలో తొలకరి దగ్గరికి వచ్చింది. ఊరంతా చౌడు గంపలు నడుస్తున్నాయి. నడివీధిలో గిడ్డమ్మ మిద్దె ఒక్కటే బోడిగా, నల్లగా ఎండుతోంది. పోయేవాళ్ళు ఒక్కరూ ఊరకే పోలేదు. "గిడ్డక్కా, తలకు నూనె పెట్టకుండా కూర్చోబెట్టినావే మిద్దెను!" "చౌడు మొయ్యడానికి మనుషుల్లేరా, మేము రావాల్నా?" వానకాలం ముందు మిద్దెకు చౌడు వేయకపోవడం అంటే ఇంట్లో పొయ్యి వెలిగించకపోవడంతో సమానం. బాషా చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. కానీ పీర్ బాషాకేం, కర్నూల్లో ఉన్నాడు. వాన పడేది ఈమె నెత్తిన.

"వెయ్యిరా రెండు గంపలు. ఏం పోతాది?" అంది మారెన్నతో.

మారెన్న ఏ పనీ తక్కువ చేసే మనిషి కాదు. మిద్దె నిండా పరిచాడు. మరుసటి ఏడు కూడా పరిచాడు. ఆపై ఏడు కూడా.

మిద్దె కుంగడం మొదట కనుక్కున్నది గిడ్డమ్మ కాదు. ఆమెకు పైకి చూసే తీరిక ఎక్కడిది? వెల్లకిలా పడుకున్న బాలింతలు కనుక్కున్నారు. "అత్తా, నడిమిట్లో మిద్దె కిందికి వచ్చినట్లుండాదే" అంది ఒకతె. "నీకు కండ్లు తిరుగుతాండాయి, గంజి తాగు" అని కసిరింది గిడ్డమ్మ. ఇంకో ఏడు ఇంకొకతె అదే మాట అంది. ఆమెకూ గంజి పోసింది. మూడో మనిషి అన్నప్పుడు గంజి చెంబు కింద పెట్టి తల ఎత్తి చూసింది. నిజమే. గోడల దగ్గర ఎక్కడిది అక్కడే ఉంది. నడుమ మాత్రం నిండు చేట లాగా కిందికి వంగింది.

మారెన్న పైకెక్కి చూసి, నడుమ గుంట పడి వాన నీళ్ళు నిలుస్తున్నాయని చెప్పాడు. గుంట పడితే ఏం చేస్తారు? ఆ గుంటలో ఇంకో నాలుగు గంపల చౌడు పోసి సదును చేశాడు. మరుసటి ఏటికి గుంట మళ్ళీ పడింది. మళ్ళీ పోశాడు.

ఊళ్ళో తలా ఒక మాట. బాషా సిమెంటు మిగుల్చుకుని బూడిద ఎక్కువ కలిపాడని మారెన్న అన్నాడు. కాన్పుల కేకలకు మిద్దె గుండె అవిసిందని ఆడవాళ్ళు అన్నారు. బట్టల కొట్టు హనుమన్న వచ్చి, చెయ్యి వెనక్కి కట్టుకుని చాలాసేపు చూసి, "మిద్దె దిగడం లేదు గిడ్డక్కా. నడిమిట్లో నేల పైకి లేస్తాండాది" అన్నాడు. ఆయన్ను గిడ్డమ్మ గడప దాకా సాగనంపిన తీరు చూసి ఆ తర్వాత ఎవరూ లోపలికి వచ్చి చెప్పలేదు. బయటే చెప్పుకున్నారు.

ఆమెను కాల్చుకుతిన్నది ఆ మిద్దె తీరు. కూలిపోతే కూలిపోయిందని ఏడ్చి ఊరుకోవచ్చు. బాగుంటే బాగుందనుకోవచ్చు. ఇది రెండూ కాదు. పొద్దున చూస్తే నిన్నటిలాగే ఉంటుంది. నిన్నటిది మొన్నటిలాగే ఉంటుంది. ఏడాది గడిచాక చూస్తే మాత్రం దిగి ఉంటుంది. దిగుతున్నప్పుడు ఒక్కసారైనా కంటపడదు.

"ఎవరూ చూడనప్పుడు దిగుతాదేమోరా ఇది" అనేది తమ్ముడితో, పళ్ళు పటపటలాడిస్తూ.

కాన్పులకు వచ్చేవాళ్ళు తగ్గారు. మళ్ళీ ఆమే వాళ్ళ ఇళ్ళకు పోయి, మన్ను రాలే మిద్దెల కింద, ఒంటి చేత్తో కాన్పులు చేయసాగింది.

1958లో, పెళ్ళయిన ఇన్నేళ్ళకు, పెద్దక్క మళ్ళీ నెల తప్పింది. ఆ తేలు పడిన ఏడు తర్వాత ఇదే మొదలు. తానే నడుచుకుంటూ గిడ్డమ్మ దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ పెద్దగా మాట్లాడే పిల్ల కాదు.

"అత్తా, నేను కంటే నీ గదిలోనే కంటా. మా ఇంట్లో కనను. ఆ మిద్దె కింద పడుకోను" అంది.

"నేనేమన్నా వద్దంటినా? ఆవల దినం దగ్గర పడినప్పుడు రా. దానికి ఇప్పటినించే ఈ ఎండలో నడిచి రావాల్నా, బుద్ధి లేదూ?" అని గిడ్డమ్మ కసిరి, మజ్జిగ ఇచ్చి, తానే ఇంటి దాకా దిగబెట్టి వచ్చింది.

నెలలు నిండుతుండగా సుంకులమ్మ వచ్చింది. కోడలి వెంట కాదు, ఒక్కతే. గది గడపలో నిలబడి పైకి చూసింది.

"గిడ్డక్కా, నీ మిద్దెకు ఎన్నో నెల?"

గిడ్డమ్మ గది ఊడుస్తూనే ఉంది.

"నా కోడలికి తొమ్మిది. నీ మిద్దెకు అంతకంటే ఎక్కువే అయినట్లుండాది. రెండూ ఒకేసారి ప్రసవమైతే ఎవరిని పట్టుకుంటావు?"

"నీ ఇంట్లో కన్నప్పుడు తేలు పడితే ఎవరు పట్టుకుంటారు, చెప్పు?"

ఆ మాట అనగానే తన నోటిని తానే కొట్టుకోవాలనిపించింది గిడ్డమ్మకు. సుంకులమ్మ ముఖం మాడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తేలు ఒక బిడ్డను తీస్కపోయింది. ఈ మిద్దె పడితే తల్లీబిడ్డా ఇద్దరూ పోతారు. పిల్ల నీ గదిలోనే అంటాండాది, మొండికేసి కూర్చుండాది. నేను పంపను. మిద్దె నిలుస్తాదని నువ్వు చెప్పగల్తావా? నీ మీద ఒట్టు పెట్టి చెప్పు."

గిడ్డమ్మ చెప్పలేకపోయింది. అంత నోరుండి, చెప్పలేకపోయింది. అది ఆమెకు అన్నిటికన్నా పెద్ద కోపం.

అదే రోజు కమలాపురం పోయే లారీలో మారెన్నను ఎక్కించింది. రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక కర్నూల్లో పని సన్నగిల్లి బాషా కమలాపురం వైపు ఇళ్ళ పనులకు పోయి ఉన్నాడు. "రానంటే నేను వస్తాండానని చెప్పు" అని చెప్పి పంపింది. బాషా వెంటనే వచ్చాడు.

గదిలోకి వచ్చి తల ఎత్తి చూసి "యా అల్లా" అన్నాడు. నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. కింద గిడ్డమ్మ, మారెన్న నిలబడ్డారు. పైన మన్ను గీకిన చప్పుడు. తరువాత అరుపు.

"అక్కా! ఏందిది? ఇంత మన్నెవరు పోసినారు?"

"మన్నేంది, చౌడు."

"చౌడు మన్ను కాదా? జానెడు మందం ఉండాది! పన్లేదని చెప్పి పోతినే!"

"పన్లేదన్నావు గానీ వద్దన్నావా? అందరూ వేస్తాంటే నా ఒక్క మిద్దె ఎండిపోతాంటే చూస్తా కూర్చోమంటావా?"

"అరె, నీ గోడలు మొయ్యాలని తేలిక మిద్దె వేస్తి. దాని మీద నువ్వు మట్టి మిద్దె కట్టినావు!" బాషా నిచ్చెన దిగుతూ సగంలో ఆగాడు. "ఊతలు నెల ఉంచినారా?"

మారెన్న మెల్లిగా కడవల వైపు జరిగాడు.

"వారానికే పీకినాం" అంది గిడ్డమ్మ. "మనిషి నొప్పులు పడతాంటే నీ కట్టెల మీద పడుకోబెట్టమంటావా? నెలాగి కను తల్లీ, మేస్త్రీ చెప్పినాడు అనమంటావా?"

బాషా తల పట్టుకుని కింది మెట్టు మీద కూర్చున్నాడు. అప్పటికి మారెన్నకు ధైర్యం వచ్చింది.

"అదంతా కాదన్నా. చౌడు ప్రతి ఇంటి మీదా ఉండాది, ఏ మిద్దె ఇట్ల దిగింది? నువ్వు బూడిద ఎక్కువ కలిపినావు, ఒప్పుకో."

బాషా లేచి అతని మీదికి పోబోయాడు. వెంటనే ఆగిపోయాడు. మారెన్న ఆనుకుని నిలబడిన కడవల అరుగు వైపు చూస్తున్నాడు. దగ్గరికి పోయి కూర్చుని, ఒక కన్ను మూసి, ఆ చివర నుంచి ఈ చివరకు చూశాడు.

"అక్కా, ఈడికి రా. ఇట్ల కూర్చొని చూడు."

గిడ్డమ్మ విసుగ్గా కూర్చుని చూసింది. పలక రెండు చివర్లూ రాళ్ళ మీద తిన్నగా ఉన్నాయి. నడుమ, కడవలు వరసగా ఉన్నచోట, పలక కిందికి వంగి ఉంది. మిద్దె ఎట్లా వంగిందో అట్లాగే.

"ఇది నేనెప్పుడూ చూళ్ళేదే" అంది.

"దీని కింద ఎవరన్నా కేకలు పెట్టినారా? నేల లేచిందా? అదే చిట్టెం, అదే సిమెంటు, అదే దినం పోసిన ముద్ద. దీని మీద నీళ్ళ బరువు, దాని మీద చౌడు బరువు. పగలు రాత్రి, తియ్యకుండా ఉండాది కదా బరువు."

అప్పుడు డ్యాము దగ్గరి సంగతి చెప్పాడు. అక్కడ ఒక ముసలి ఓవర్సీరు షెడ్డు మూలలో ఇలాంటి పలకలే రాళ్ళ మీద పెట్టి, వాటి మీద ఇనుప గుండ్లు పేర్చి, రోజూ పోయి వంగి చూసుకునేవాడు. పనివాళ్ళంతా ఆయన వెనక నవ్వేవాళ్ళు. బాషా కూడా నవ్వాడు.

"ఒకసారి అడిగినా, ఏం చూస్తావు సార్, అది రాయి కదా అని. గట్టిపడినా ఊరుకోదు బాషా, బరువు ఉన్నన్ని దినాలు మెల్లిగా సాగుతానే ఉంటాది అన్నాడు. తేలిక సరుకైతే ఇంగా ఎక్కువంట. పచ్చిగా ఉండంగానే బరువెత్తితే మరీ ఎక్కువంట. మొదట జోరుగా దిగుతాది, పోను పోను నిదానిస్తాదంట."

"ఎందుకట్ల?"

"ఆయనకూ సరిగ్గా తెలీదంట. అందుకే చూస్తాండాడు."

"తెలీనోడు చెప్పినాడు, నవ్వినోడు విన్నాడు, నా నెత్తిన మిద్దె వేసినాడు" అంది గిడ్డమ్మ. "సరే. బరువు తీసేస్తే పైకి పోతాదా?"

బాషా కడవలు దించి చూపించాడు. పలక వంగినట్టే ఉంది. గిడ్డమ్మ దాన్ని చేత్తో ఒకసారి తట్టింది, బద్ధకంగా పడుకున్న దూడను లేపినట్టు.

మరునాటి పొద్దున చౌడు తీయడం మొదలుపెట్టారు. అంతకుముందే బాషా మేస్త్రీ దారం ఒకటి తెచ్చి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు బిగించి కట్టాడు, మిద్దె పొట్టను సరిగ్గా తాకేటట్టు. దిగితే దారాన్ని నొక్కుతుంది. పైకి పోతే దారం విడుస్తుంది. ఎవరి మాటా నమ్మక్కర్లేదు.

వేసవి చివర చౌడు గంపలు మిద్దె ఎక్కడమే చూసిన ఊరు, దిగడం మొదటిసారి చూసింది. గుంపు చేరింది. "గిడ్డక్కా, ఇంగ వానకు గొడుగు పడతావా మిద్దెకు?" అన్నాడు హనుమన్న. "పడతా, నీ కొట్లో గుడ్డ చింపి" అంది ఆమె. పెద్దక్క కూడా వచ్చి ఆ గుంపులో కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. వెనకే సుంకులమ్మ.

సాయంత్రానికి మిద్దె బోడిదయింది. నడుమ గుంట తేటగా కనబడింది. అందరూ గదిలోకి దూరి దారం చూశారు. మిద్దెకూ దారానికీ నడుమ ఒక బియ్యపు గింజ దూరేంత సందు. అంతే.

"ఇంతేనా?" అంది గిడ్డమ్మ. గొంతు పైకి లేచింది. "ఇంత చౌడు మోసి దించితే ఒక గింజా? మిగతాది యాడ పోయింది?"

"పోయింది పోయినట్లేనక్కా. ఇన్నేండ్లు మెల్లిగా వంగింది తిరిగి రాదు. ఇంగ దిగకుంటే చాలు."

"చాలంట! నాకు చాలు, నీకు చాలు. సుంకులమ్మకు చాలాలి కదా!"

మారెన్న పరుగున పోయి గడ్డపార తెచ్చాడు. రెండు కంబాలు నిలిపి కింద నుంచి గడ్డపారతో ఎత్తితే మిద్దె తన చోటికి తానే పోతుందన్నాడు. బాషా గడ్డపార లాక్కుని బయట పారేశాడు. "ఎత్తితే విరుగుతాది. దాని వంపు దానికి అలవాటైంది. ఊరికే ఆనించాల, అంతే." నడుమ ఒక కంబం పెడితే సరిపోతుందని చెప్పబోతే గిడ్డమ్మ ఒప్పుకోలేదు. నడిమి చోటు కనే మనిషిది. చివరికి రెండు పక్కలా గోడ వెంబడి రాతి కంబాలు నిలిపి, వాటి మీద దూలం పరిచి, దూలానికీ మిద్దెకూ నడుమ సన్నని చెక్కలు దోపి ఆనించారు. గుంటలో నీళ్ళు నిలవకుండా పైన బాషా సున్నం గచ్చు పలచగా రాసి, గోడ వైపుకు కాలవ తీశాడు. కానీ దూలం ఆనించే ముందు కొన్నాళ్ళు దారం చూడాలని, బరువు లేకుండా కూడా దిగుతోందా అని తెలుసుకోవాలని పట్టుబట్టినవాడూ అతనే. ఆ రోజుల్లో సుంకులమ్మ పొద్దున్నే వచ్చేది. పలకరింపు ఉండదు. గడప దాటి, గడ్డం పైకెత్తి, దారాన్నీ మిద్దెనూ చూసి పోయేది.

"బియ్యపు గింజ ఉండాదా?" అనేది గిడ్డమ్మ పొయ్యి దగ్గర నుంచి.

"ఉండాది."

"వండుకోని తిను పో!"

తొలకరి పడింది. గిడ్డమ్మ రాత్రింబగళ్ళు ఆ గదిలోనే, నడిమిట్లో, మిద్దె వంపు కిందనే చాప వేసుకుని పడుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఆ చాపను ఊరంతా చూసింది.

వాన గట్టిగా పట్టిన ఒక మధ్యాహ్నం సుంకులమ్మ వచ్చింది. నెత్తిన గోనెపట్ట, ఒక చేతిలో పొత్తిగుడ్డల మూట, ఇంకో చేత్తో కోడలి భుజం. పెద్దక్క పళ్ళ బిగువున నడుస్తోంది. గడప దగ్గర సుంకులమ్మ ఆగింది. పైకి చూసింది. దారాన్ని చూసింది. కోడలిని లోపలికి నడిపించింది.

"నేను కూడా లోపలే ఉంటా" అంది. "పడితే అందరి మీదా పడనీ."

"ఉండు. కానీ పని చెయ్యి. వేన్నీళ్ళు పెట్టు."

నొప్పులు ఎక్కువయ్యాయి. బయట మారెన్న, పెద్దక్క మొగుడు చూరు కింద నిలబడి తడుస్తున్నారు. బీడీ ముట్టించబోయిన ఆ మొగుడి మీద గిడ్డమ్మ లోపలి నుంచే ఒక కేక వేసింది. వాన నీళ్ళు మిద్దె మీద నుంచి కాలవలోకి పోతున్న చప్పుడు గదిలోకి వినబడుతోంది. లోపల చుక్క లేదు, నలుసు లేదు. పెద్దక్క నడుమను పట్టుకుని కూర్చోవలసిన సుంకులమ్మ మాత్రం మెడ వెనక్కి విరిచి మిద్దె వంక చూస్తూ ఉంది.

"ఆ నడుము పట్టుకో సుంకులమ్మా!"

"పట్టుకున్నా."

"నువ్వు పట్టుకుంది నా చెయ్యి!"

"దారం కదిల్నట్లుండాది గిడ్డక్కా…"

"దారం కాదు, నీ మెడ కదుల్తాండాది! పైకి చూస్తావేంది? బిడ్డ వచ్చేది కిందనించి! ఇట్ల చూడు, ఇట్ల!"

సుంకులమ్మ తల దించే లోపే బిడ్డ గిడ్డమ్మ రెండు చేతుల్లోకి జారింది. ఆడపిల్ల. ఆ గది నిండేటట్టు ఏడ్చింది. ఆ ఏడుపుకు సుంకులమ్మ మళ్ళీ గభాలున పైకి చూసింది.

గిడ్డమ్మ అరవబోయి మానుకుంది. బొడ్డు కోసి, తుడిచి, పొత్తిగుడ్డలో చుట్టి, బిడ్డను పెద్దక్క రొమ్ము మీద పెట్టింది. పెద్దక్క వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళు మిద్దె మీద ఉన్నాయి. వంగిన ఆ నల్లటి వంపును, దాన్ని ఆనుకున్న దూలాన్ని చాలాసేపు చూసింది. మన్ను లేదు, కట్టెలు లేవు, సందులు లేవు. తరువాత కళ్ళు మూసుకుని బిడ్డను దగ్గరికి తీసుకుంది.

"నిద్రపోతాందా?" అని గుసగుసగా అడిగింది సుంకులమ్మ.

"పోనీ. నువ్వు ఆ వేన్నీళ్ళు తెస్తావా, లేక మిద్దెకు కూడా పురుడు పోస్తావా?"

సుంకులమ్మ లేచి పోయి చెంబు తెచ్చింది. చెయ్యి పెట్టి చూస్తే చన్నీళ్ళు.